బోయింగు 707 – తొలి రూపాలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగశ్రవణం ముగిసినది. ఆదాయవ్యయాలు, రాజపూజ్యావమానాలు విన్న చెవులకు ఇప్పుడు ఇంజన్ల సంగతులు ఎంతవరకు రుచిస్తాయో చెప్పలేము. అయినా ఉగాదినాడు ఏదో ఒక విజ్ఞానవిషయం మీద నాలుగు మాటలు చెప్పుకోవడం మంచిదని కార్యవర్గం వారు కోరినారు గనుక, ఈసారి బోయింగు 707 అనే విమానాన్ని గురించి, అందులోనూ దాని తొలి రూపాలను గురించి ముచ్చటించదలచినాము.

ఈ విషయమే ఎందుకంటారా? బతుకుతెరువు వెతుక్కుంటూ ఊరు విడిచి వచ్చినవాళ్ళం మనం. మన పెద్దలు రైలెక్కి బొంబాయి చేరినారు. వారి బిడ్డలలో కొందరు అదే బొంబాయిలో విమానమెక్కి సముద్రాలు దాటినారు. 1962 నుండి 1971 దాకా ఎయిర్ ఇండియా వారి టిక్కెట్టు కొని పడమటికి వెళ్ళినవారు ఎవరైనా సరే, ఎక్కినది 707 విమానమే. ఆ కంపెనీకి అప్పుడు వేరే విమానం లేదు. శాంతాక్రజ్‌లో చేయి ఊపి కన్నీళ్ళు తుడుచుకున్న ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నవి. ఆ నాలుగు ఇంజన్ల విమానం ఎవరి ఆలోచనతో ఏ రూపం దిద్దుకున్నదో తెలుసుకోవడం మనకు పరాయి సంగతి కాదు.

సాధారణంగా 707 అంటే అమెరికావారు ఒక్కసారిగా తయారుచేసి ప్రపంచం మీదికి వదిలిన ఒకే విమానమని అనుకుంటారు. అది నిజం కాదు. మొదటి విమానం ప్రయాణికులను ఎక్కించుకున్న రెండేళ్ళలోపుననే అందులో అయిదు రూపాలు వచ్చినవి. ఒక్కొక్క రూపం వెనుక ఒకరు నిలబడి, “ఇది మాకు చాలదు, ఇట్లా మార్చి ఇవ్వండి” అని అడిగినవారున్నారు. కొన్నిచోట్ల ఆ అడగడం ప్రాణాలు కాపాడినది. మేము చెప్పదలచినదంతా ఆ అడిగినవారి కథే.

జెట్ విమానంలో ప్రయాణికులను మొదట ఎక్కించినది బ్రిటిషువారు. డి హావిలాండ్ కంపెనీవారి కామెట్ విమానం 1952 మే 2న లండన్ నుండి జొహానెస్‌బర్గ్‌కు బయలుదేరినది. సరిగా ఏడాది తిరిగేసరికి, 1953 మే 2న, కలకత్తా డమ్‌డమ్ నుండి లేచిన ఒక కామెట్ గాలివానలో ముక్కలై 43 మంది చనిపోయినారు. దానిని తుఫాను ఖాతాలో వేసినారు. తరువాత 1954 జనవరిలో ఎల్బా ద్వీపం దగ్గర ఒకటి, ఏప్రిల్‌లో నేపుల్స్ దగ్గర మరొకటి ఆకాశంలోనే విచ్చిపోయినవి. అప్పుడు కామెట్లన్నింటినీ నేలమీద నిలిపివేసి, ఫార్న్‌బరోలో ఒక విమానపు దేహాన్ని పెద్ద నీటితొట్టిలో పెట్టి, లోపల ఒత్తిడి పెంచుతూ, తగ్గిస్తూ వేలసార్లు పరీక్షించినారు. చివరకు రేకు పగిలినది. ఒక తీగను అటూ ఇటూ వంచుతూ పోతే కాసేపటికి తెగిపోవడం పిల్లలు కూడా ఎరుగుదురు. లోహానికీ అలసట ఉన్నది. కిటికీ మూలలవంటి చోట్ల ఆ అలసట ముందుగా బయటపడుతుంది.

ఈ దెబ్బతో బ్రిటిషువారు నాలుగేళ్ళు వెనుకబడినారు. ఆ నాలుగేళ్ళలోనే అమెరికాలో బోయింగు కంపెనీవారు ముందుకు వచ్చినారు. వారికి బాంబర్లు కట్టడంలో పేరున్నదిగాని ప్రయాణికుల విమానాలలో డగ్లస్ కంపెనీదే పైచేయి. అందుకని కంపెనీ అధ్యక్షుడు విలియం ఆలెన్ 1952లో పెద్ద పందెమే వేసినాడు. ఒక్క ఆర్డరైనా చేతిలో లేకుండా, 1 కోటి 60 లక్షల డాలర్ల సొంత సొమ్ము పెట్టి ఒక నమూనా విమానం కట్టించినాడు. పోటీవారికి ఆచూకీ దొరకకుండా దానికి 367-80 అని పేరు పెట్టినారు. 367 అనేది పాత పంఖాల సరుకు విమానపు నంబరు. వినేవారు దానికే ఏదో మార్పు చేస్తున్నారు కాబోలు అనుకోవాలని వారి ఎత్తు. ఆ విమానం 1954 మే 14న షెడ్డు వెలుపలికి వచ్చి, జూలై 15న ఎగిరినది.

దాని రెక్కలు 35 డిగ్రీలు వెనుకకు వాలి ఉంటవి. కామెట్‌లో ఇంజన్లు రెక్క మొదట్లో దూర్చి ఉండగా, ఇందులో నాలుగూ రెక్కలకింద విడివిడిగా వేలాడుతుంటవి. ఒక ఇంజనుకు నిప్పంటుకుంటే రెండవదానికి అంటదు. మరమ్మతు చేసేవానికి చేయి అందుతుంది. పెద్ద జెట్ విమానాలు ఈనాటికీ ఎక్కువభాగం ఇదే పొందికలో ఉన్నవి. 1955 ఆగస్టు 7న సియాటిల్‌లో పడవపందేలు చూడడానికి విమాన కంపెనీల పెద్దలు కూడి ఉండగా, టెక్స్ జాన్‌స్టన్ అనే పైలట్ ఈ నమూనాను వారి తలలమీదుగా తీసుకువచ్చి, గాలిలో పీపాలాగా ఒక పొర్లు పొర్లించినాడు. ఆలెన్‌గారికి గుండె ఆగినంత పని అయి ఉంటుంది. ఉన్నది ఒక్కటే విమానం, అందులో ఉన్నది కంపెనీ భవిష్యత్తంతా! ఆ విమానం ఇప్పుడు వాషింగ్టన్ దగ్గర స్మిత్‌సోనియన్ వారి ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నది.

ఇక అంగుళాల కథ చెప్పుకోవాలి. ఇది మాకు అన్నింటికన్న ఇష్టమైన భాగం. నమూనా విమానపు దేహం వెడల్పు 132 అంగుళాలు. వైమానికదళం వారు గాలిలో పెట్రోలు పోసే ట్యాంకరుగా ఇదే కావాలన్నారుగాని, 144 అంగుళాలు ఉండాలన్నారు. సరేనని బోయింగువారు వెడల్పు పెంచినారు. ప్రయాణికుల విమానానికీ అదే అచ్చు వాడుకుంటే ఖర్చు కలిసివస్తుందని వారి ఆశ. ఈలోపల డగ్లస్‌వారు డి.సి.8 విమానాన్ని కాగితం మీద గీసి, మాది 147 అంగుళాలు, వరుసకు ఆరుగురు సుఖంగా కూర్చోవచ్చు అన్నారు. 1955 అక్టోబరు 13న పాన్ అమెరికన్ కంపెనీ అధిపతి హువాన్ ట్రిప్ తన ఆర్డరు బయటపెట్టినాడు: బోయింగులు 20, డగ్లస్‌లు 25. కళ్ళెదుట ఎగురుతున్న విమానానికి 20, ఇంకా పుట్టని దానికి 25! బోయింగువారికి ఇంతకన్న తలవంపు ఏమున్నది? అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు కూడా వెడల్పు సంగతి పట్టుబట్టినారు. దానితో బోయింగువారు అచ్చులన్నీ పక్కకు నెట్టి, 148 అంగుళాల దేహాన్ని కొత్తగా గీసినారు. డగ్లస్ కన్న ఒక్క అంగుళం ఎక్కువ. మన ఇళ్ళలో వియ్యపురాలి చీర అంచుకన్న తమ అంచు ఒక వేలెడు ఎక్కువ ఉండాలనుకునే పంతానికి దీనికి పెద్ద భేదం లేదు. అయితే ఇక్కడ పంతం ఖరీదు కోట్లలో ఉన్నది.

ఇట్లా తయారైన మొదటి రూపం 707-120. ఇది 1957 డిసెంబరు 20న ఎగిరి, 1958 అక్టోబరు 26న పాన్ అమెరికన్ వారి న్యూయార్కు–పారిస్ సర్వీసుతో పనిలోకి దిగినది. అప్పటికి మూడు వారాల ముందే, అక్టోబరు 4న, సరిదిద్దిన కామెట్ 4 విమానంతో బ్రిటిషువారు అట్లాంటిక్ దాటి మొదటి పేరు దక్కించుకున్నారు. బోయింగులో 111 మంది ప్రయాణికులు ఉన్నారు. పేరు వారికి, లాభం వీరికి అన్నట్లయినది.

ఈ మొదటి రూపంలో లోపాలు లేకపోలేదు. ప్రాట్ అండ్ విట్నీ వారి జె.టి.3సి ఇంజన్లకు నిండు బరువుతో లేచే శక్తి చాలదు. అందుకని లేచేటప్పుడు ఇంజనులోకి నీళ్ళు చిమ్మేవారు. నీరు ఆవిరి కావడంలో గాలి చల్లబడి చిక్కనవుతుంది, తోపుడు పెరుగుతుంది. దానితోపాటు నల్లని పొగ, చెవులు చిల్లులుపడే మోత. మోత తగ్గించడానికి ఇంజను వెనుక గొట్టాల గుత్తి ఒకటి బిగించినారు. అది కొంత శక్తిని తినివేసేది. ఇంత చేసినా అట్లాంటిక్‌ను నిండు బరువుతో ఒక్క ఉరుకున దాటడం దాని తరం కాదు. మొదటి ప్రయాణంలోనే గాండర్‌లో దిగి పెట్రోలు పోసుకోవలసివచ్చినది. నిజానికి ఇది అమెరికా ఈ కొసనుండి ఆ కొసకు తిరగదగిన విమానంగాని, సముద్రాలు దాటదగినది కాదు.

ఆ సంగతి ట్రిప్ ముందే పసిగట్టినాడు. అతని ఒత్తిడి వల్లనే 707-320 పుట్టినది. 120 కన్న పొడవు 8 అడుగులకు పైగా ఎక్కువ, రెక్కల విస్తారం సుమారు 12 అడుగులు ఎక్కువ, జె.టి.4ఎ అనే పెద్ద ఇంజన్లు. 1959 ఆగస్టులో ఇది పనిలోకి వచ్చిన తరువాతనే “ఖండాంతర విమానం” అన్న మాట అర్థవంతమైనది.

ఆస్ట్రేలియావారి అక్కర వేరు. క్వాంటాస్ కంపెనీకి పసిఫిక్ మీద పొడవైన దారులున్నవి, అన్నిచోట్లా కూర్చునే జనం లేరు. “మాకు పది అడుగులు పొట్టిగా కట్టి ఇవ్వండి, బరువు తగ్గితే దూరం కలిసివస్తుంది” అన్నారు. అదే 707-138. అంత పెద్ద కంపెనీ, అంత చిన్న ఆర్డరు కోసం దేహాన్నే కత్తిరించి ఇచ్చినది. 1959లో అవి సిడ్నీ చేరినవి.

ఈ నంబర్లలో ఒక కిటుకున్నది, పిల్లలు గుర్తుంచుకోవచ్చు. 138లో మొదటి అంకె రూపాన్ని చెపుతుంది. తక్కిన 38 క్వాంటాస్ వారి గుర్తు. బ్రిటిషువారి బి.ఓ.ఎ.సి.కి 36. ఆ రెంటికీ నడుమనున్న 37 మన ఎయిర్ ఇండియాది. అందుకే మన మొదటి జెట్లు 707-437లు. తరువాత వచ్చిన జంబోలు 747-237లు. ఆపైన వచ్చిన పెద్ద విమానాలలో 777-337లున్నవి. ఇంటిపేరు మారకుండా తరాలు మారినట్లున్నది.

బ్రానిఫ్ అనే మరొక అమెరికన్ కంపెనీ దక్షిణ అమెరికాకు విమానాలు నడిపేది. అక్కడ పట్టణాలు కొన్ని కొండలమీద ఎంతో ఎత్తున ఉన్నవి. ఎత్తున గాలి పలచన. రెక్కకు ఆధారం తక్కువ, ఇంజనుకు ఊపిరి తక్కువ. అందుకని వారు 120 దేహానికి 320 ఇంజన్లు బిగించమన్నారు. అదే 707-220. అయిదు కట్టినారు, కంపెనీకి చేరినవి నాలుగే. అయిదవదానికి ఏమైనదో చెప్పాలి. మా మాటల కీలకం అక్కడే ఉన్నది.

వాలు రెక్కల విమానాలకు ఒక జబ్బు ఉన్నది. దానిని డచ్ రోల్ అంటారు. ముక్కు అటూ ఇటూ తిరుగుతుంటే, దానితోపాటు రెక్కలు ఒకటి లేవడం, ఒకటి వాలడం జరుగుతుంది. బరువు ఒకవైపు ఎక్కిన ఎద్దుబండి గతుకుల దారిలో ఊగినట్లు, ఊగిన కొద్దీ ఊపు పెరుగుతుంది. దీనిని అణచవలసినది తోకమీద నిలువుగా ఉండే రెక్క. తొలి 707ల తోకరెక్క పొట్టి. 1959 అక్టోబరు 19న బ్రానిఫ్‌కు ఇవ్వవలసిన విమానాన్ని తీసుకుని, వారి పైలట్లకు ఈ ఊపును ఎట్లా అణచాలో నేర్పుతున్నారు. ఊపు హద్దు మీరినది. మూడు ఇంజన్లు ఊడిపోయినవి. విమానం వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక ఏటిగట్టున పడినది. ఎనిమిదిమందిలో నలుగురు పోయినారు. తోకవైపున ఉన్నవారు బతికినారు. అంతకు రెండు నెలల ముందు, ఆగస్టు 15న, ఒకవైపు ఇంజన్లు పనిచేయనట్లు అభ్యాసం చేస్తూ మరొక 707 కూలి, అందులోని అయిదుగురూ మరణించినారు. అక్కడా చిక్కు విమానం పక్కకు తిరగడాన్ని అదుపులో పెట్టలేకపోవడమే.

ఇప్పుడు నాలుగవ శతకానికి వస్తాము. బి.ఓ.ఎ.సి.వారు బోయింగు కొంటామంటే బ్రిటిషు ప్రభుత్వం ఇంజన్లు మాత్రం మన రోల్స్ రాయిస్ వారివే ఉండాలన్నది. అట్లా పుట్టినది 707-420. 320 దేహం, కాన్వే ఇంజన్లు. అయితే బ్రిటన్‌లో విమానాలకు యోగ్యతాపత్రం ఇచ్చే బోర్డువారు, అమెరికావారు ఇచ్చినారు గదా అని ముద్ర వేయలేదు. వారి ప్రధాన పరీక్షా పైలట్ డి. పి. డేవిస్ స్వయంగా నడిపి చూసి, తోక చాలదన్నాడు. ఒకవైపు ఇంజన్లు ఆగితే పైలట్ కాలిబలానికి చుక్కాని లొంగడం లేదన్నాడు. నిలువు తోకరెక్కను సుమారు మూడడుగులు పెంచవలసినదనీ, చుక్కానికి యంత్రబలం తోడుచేయవలసినదనీ, తోక అడుగున మరొక చిన్న రెక్క పెట్టవలసినదనీ పట్టుబట్టినాడు. అప్పటికే ఎన్నో విమానాలు అమ్ముకున్న కంపెనీకి ఈ మాట ఎంత చేదుగా ఉండి ఉంటుందో ఊహించుకోండి. అయినా ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమే కాదు, పాత విమానాలకు కూడా ఎత్తు తోకలు తగిలించినారు. మా అభిప్రాయంలో 707 చరిత్రలో టెక్స్ జాన్‌స్టన్ వేయించిన పొర్లుకన్న డేవిస్ పెట్టిన ఈ పేచీ గొప్పది. కాని పొర్లును గురించి అందరూ చెపుతారు. పేచీని గురించి చెప్పేవారు తక్కువ.

కాన్వే ఇంజను సంగతి కూడా రెండు మాటలు. మామూలు జెట్‌లో లోపలికి పోయిన గాలి అంతా మంటలోనుండే పోతుంది. కాన్వేలో కొంతగాలిని మంటకు పంపకుండా పక్కదారిన వెనుకకు నెట్టినారు. ఎక్కువ గాలిని కొంచెం నెమ్మదిగా నెట్టితే అదే తోపుడుకు పెట్రోలు తక్కువ ఖర్చవుతుంది, మోతా తగ్గుతుంది. ప్రయాణికుల విమానాలలో ఈ రకం ఇంజను వాడడం అదే మొదలు. నీళ్ళు చిమ్మవలసిన అవసరమూ లేదు.

మొత్తం 37 విమానాలే ఈ రూపంలో కట్టినారు. అందులో ఆరు ఎయిర్ ఇండియావి. మొదటిది 1960 ఫిబ్రవరిలో మనకు అందినది. జె. ఆర్. డి. టాటాగారు అప్పుడు ఆ సంస్థకు అధ్యక్షులు. విమానాలకు హిమాలయ శిఖరాల పేర్లు పెట్టినారు: నందాదేవి, గౌరీశంకర్, అన్నపూర్ణ, కాంచనజంగ. ఆ ఏప్రిల్‌లో లండన్‌కు, మే 14న న్యూయార్కుకు సర్వీసులు మొదలైనవి. ఆసియాలో జెట్ విమానాన్ని సమకూర్చుకున్న మొదటి సంస్థ ఎయిర్ ఇండియాయే. 1962 జూన్‌కు పంఖాల విమానాలన్నింటినీ వదిలించుకుని, ప్రపంచంలో పూర్తిగా జెట్లతోనే నడిచిన మొదటి సంస్థ అనిపించుకున్నది. స్వాతంత్ర్యం వచ్చి పదిహేనేళ్ళు నిండని దేశమది.

సంతోషంతోపాటు దుఃఖమూ చెప్పుకోవాలి. 1966 జనవరి 24న కాంచనజంగ జెనీవాలో దిగబోతూ ఆల్ప్స్ పర్వతాలలో మోంట్ బ్లాంక్ శిఖరాన్ని ఢీకొన్నది. 117 మందీ మరణించినారు. వారిలో హోమీ భాభాగారు ఒకరు. విమానంలోని దిక్కు తెలిపే పరికరాలలో ఒకటి పనిచేయడం లేదు. శిఖరం దాటినామని పైలట్ అనుకున్నాడు. రాడార్ మీద చూస్తున్నవాడు ఇంకా దాటలేదని సరిదిద్ద చూసినాడుగాని, ఆ మాట సరిగా అందలేదు. ఫ్రెంచి విచారణ తేల్చినది ఇది. దీనిమీద రకరకాల కథలు పుట్టినవి; వాటి జోలికి మేము పోము. అదే పర్వతం మీద 1950లో ఎయిర్ ఇండియావారి మలబార్ ప్రిన్సెస్ కూడా కూలినది. మంచు కరిగినప్పుడల్లా ఏదో ఒకటి పైకి వస్తూనే ఉన్నది. 2012లో భారత ప్రభుత్వపు టపా సంచి దొరికినది. 2020లో, ఇందిరాగాంధీగారు ప్రధాని కాబోతున్న వార్త ఉన్న పత్రికలు దొరికినవి.

గౌరీశంకర్ ఇరవై రెండేళ్ళు పనిచేసినది. 1982 జూన్ 22న కౌలాలంపూర్ నుండి మద్రాసు మీదుగా వచ్చి, వానలో బొంబాయిలో దిగుతూ పాడైపోయినది. 111 మందిలో 17 మంది పోయినారు.

కాన్వే ఇంజన్లు ముందు వచ్చినా ఎందుకు నిలువలేదని ఎవరైనా అడగవచ్చు. దాని పక్కదారి ఇరుకు. మంటకు పోయే గాలి పది పాళ్ళయితే పక్కదారిన పోయేది సుమారు మూడు పాళ్ళే. ప్రాట్ అండ్ విట్నీవారు తమ పాత ఇంజనుకే ముందువైపున పెద్ద పంఖా బిగించి, జె.టి.3డి అనే పేరుతో ఆ మూడు పాళ్ళను పద్నాలుగు చేసినారు. 1961లో ఆ ఇంజన్లతో 707-120బి వచ్చినది. పాత ఇంజన్లను కూడా ఆ విధంగా మార్చుకోవచ్చు గనుక కంపెనీలు అటే మొగ్గినవి. 1962లో వచ్చిన 320బి, ఆపైని 320సి విమానాలే ఎక్కువగా అమ్ముడుపోయినవి. ఎయిర్ ఇండియావారు కూడా తరువాత అవే కొన్నారు. 1971లో జంబో రావడంతో 707 పెద్దరికం పోయినది.

ఆ 148 అంగుళాలు మాత్రం పోలేదు. బోయింగువారు 707 దేహపు పై వంపును 727కు, ఆ తరువాత 737కు అట్లాగే వాడుకున్నారు. 737 విమానాలు ఈనాటికీ తయారవుతున్నవి, మన దేశంలో తిరుగుతున్నవి. ముంబయి నుండి 737 ఎక్కి సెలవులకు ఊరు వెళ్ళేవారు కూర్చునేది, డగ్లస్ మీద పంతంతో 1955లో పెంచుకున్న ఆ అంగుళం వెడల్పులోనే. మధ్య సీటు వచ్చినవారికి ఆ అంగుళం ఎవరి వాటాకు పోయినదో బోధపడదు, అది వేరే సంగతి.

పులిహోర, పాయసం సిద్ధమైనట్లు వంటవారు సైగ చేస్తున్నారు. పిల్లలెవరైనా ప్రశ్నలు అడగదలిస్తే భోజనాల దగ్గర అడగవచ్చు. సెలవు.